మూడో షరతు

క్షిపణుల గురించి శ్రీరాములుకు తెలిసినంతగా మదనపల్లెలో ఇంకెవరికీ తెలియదు. ఇరవై మూడేళ్లుగా ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు కూడా. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పుకుంటూ వచ్చాడాయన. ఆయన పీహెచ్‌డీ అంతా ఒకే ఒక్క ఒప్పందం మీద. మీదికొచ్చే క్షిపణిని గాలిలోనే కూల్చేసే కవచాలు మితిమీరి కట్టుకోకూడదని అమెరికా, సోవియట్ యూనియన్ 1972లో రాసుకున్న కాగితం అది. ఒకడు కవచం కడితే రెండోవాడు ఇంకో వంద క్షిపణులు చేస్తాడు, వాటిని చూసి మొదటివాడు ఇంకో కవచం కడతాడు, దీనికి అంతూ పొంతూ ఉండదు, అంతకంటే ఒకరికొకరం భయపడుతూ బతికితేనే మేలు అన్నది దాని సారం. బద్ధశత్రువులిద్దరూ ఆ మాట మీద ముప్ఫై ఏళ్లు నిలబడ్డారని శ్రీరాములు మూడు వందల పేజీలు రాశాడు. 2002 జూన్‌లో వైవా పెట్టారు. సరిగ్గా అదే నెలలో అమెరికా ఆ ఒప్పందంలోంచి బయటికొచ్చేసింది. ప్రశ్నలడగడానికొచ్చిన ప్రొఫెసర్ నవ్వుతూ, "అయితే మీది చరిత్ర సబ్జెక్టు అయిపోయిందన్నమాట" అన్నాడు. ఆ నవ్వు శ్రీరాములుకు ఇప్పటికీ చెవిలో ఉంది.

అలాంటిది ఈ మే నెలలో సరిహద్దుల్లో నాలుగు రోజులు కాల్పులు జరిగి ఆగేసరికి ఊరంతా క్షిపణులే. టీ కొట్టు దగ్గర, టమాటా మార్కెట్లో, ఆఖరికి క్షవరం చేయించుకుంటున్నవాళ్లు కూడా, ఏది ఎంత దూరం పోతుందో, దేన్ని ఏది కూల్చిందో చెప్పేస్తున్నారు. నలుగురు తెలుసుకుంటే మంచిదే కదా అని మొదట్లో అనుకున్నాడు శ్రీరాములు. రెండు రోజులు విన్నాక రోత పుట్టింది. సరిహద్దు ఊళ్లలో ఇళ్లు కూలి చచ్చిపోయినవాళ్ల ఊసు ఎవరి నోటా లేదు. క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పుకుంటున్నారు.

ఆ తరవాత పార్టీలు దిగాయి. ఒక పక్షానికి పెద్దన్న, ఇంకో పక్షానికి రంగప్ప. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు చోట్లా వీళ్ల మాటే చెల్లుతుంది, వీళ్ల తగవే నడుస్తుంది. దేశానికి కవచం మా పార్టీవాళ్లు ఢిల్లీలో ఉన్నప్పుడే వచ్చిందని పెద్దన్న అన్నాడు. దానికి పునాది వేసింది మావాళ్లని రంగప్ప అన్నాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా గగన కవచ విజయయాత్ర చేస్తానని పెద్దన్న ప్రకటించాడు. అదే దారిలో అదే రోజు నేనూ చేస్తానని రంగప్ప ప్రకటించాడు. జాతర్లకు చాందినీ బండ్లు కట్టే వడ్రంగుల చేత ఇద్దరూ ప్లైవుడ్ క్షిపణులు చేయించారు. పెద్దన్నది పద్నాలుగు అడుగులని తెలిసి రంగప్ప తనది పదహారు చేయించాడు.

ఇద్దరి మనుషులూ శ్రీరాములు ఇంటికొచ్చారు, వేదిక మీద నాలుగు ముక్కలు మాట్లాడమని. ఒంట్లో బాగాలేదని ఇద్దరికీ చెప్పి పంపేశాడు. అందులో అబద్ధం లేదు. ఈ యాత్రల మాట విన్న దగ్గర్నించి ఆయనకు అన్నం సయించడం లేదు.

ఆ సాయంత్రం నవనీత దగ్గర్నించి వాట్సాప్‌లో రెండు బొమ్మలు వచ్చాయి.

నవనీత పదేళ్ల కిందట ఆయన దగ్గర చదువుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆ ఒప్పందం గురించి క్లాసులో ప్రశ్న అడిగిన విద్యార్థి ఆ పిల్ల ఒక్కతే. "ఎదుటోడు మోసం చేయకుండా సూసేదెవురు సార్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు శ్రీరాములు రెండు క్లాసులు తీసుకున్నాడు. ఇప్పుడు పుంగనూరులో ఫ్లెక్సీ దుకాణం నడుపుతోంది. పరీక్షలు రాసి రాసి విసిగి, బొమ్మలు వేసే చెయ్యి ఉంది కాబట్టి ఇందులో దిగింది. ఊళ్లో పెద్ద మిషన్ ఉన్న దుకాణం అదొక్కటే. అందుకని రెండు పార్టీల ఫ్లెక్సీలూ అక్కడే తయారవుతాయి. దానికి ఎవరూ రాయని పద్ధతి ఒకటుంది. పొద్దున పెద్దన్న మనుషులు వస్తారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక రంగప్ప మనుషులు వస్తారు. ఒకరి ఫ్లెక్సీ తడి ఆరుతుంటే దాని మీద దుప్పటి కప్పి ఉంటుంది. ఒకరి డిజైను రెండోవాళ్లకు చూపించిన రోజున దుకాణం ఉండదని నవనీతకు తెలుసు, వాళ్లకూ తెలుసు. రహస్యం దాచడంలో ఆ పిల్ల అంత గట్టిది.

కాబట్టి ఈ బొమ్మలు ఎవరికైనా చూపించి అడగాలంటే ఆ పిల్లకు శ్రీరాములు తప్ప ఇంకెవరూ లేరు. "సార్, ఒకటి ఆయప్పది, ఒకటి ఈయప్పది. బొమ్మలు నెట్‌లో దొరికినాయి. ఇవి మన దేశానివేనా, కాదా? ఒకసారి చూసి చెప్పండి సార్. రేప్పొద్దున ప్రింటింగు" అని కింద రాసింది.

శ్రీరాములు బొమ్మలు తెరవలేదు. వేలెడంత చిన్న బొమ్మలో పెద్దన్న మీసం కనిపించింది, చాచిన అరచెయ్యి కనిపించింది, ఆ చేతిలోంచి పొగ చిమ్ముతూ లేస్తున్నది ఏదో కనిపించింది. ఛీ అనుకున్నాడు. ఈ దిక్కుమాలిన పనికి నా చదువు కూడానా అనుకున్నాడు. రెండింటికీ బాగున్నాయన్నట్టు పైకెత్తిన బొటనవేలి గుర్తు పెట్టి ఫోను బోర్లా పడేసి, కాఫీ తాగడానికి వెళ్లాడు.

మూడు ఊళ్లలో ఫ్లెక్సీలు లేచాక నాలుగో రోజున రంగప్ప మదనపల్లెలో విలేకరులను పిలిచాడు. పెద్దన్న అరచేతిలోంచి లేస్తున్న క్షిపణి మనది కాదు, ఎదుటి దేశానిది. వాళ్ల కవాతులో తీసిన ఫోటో, జెండా ఉన్న ముక్క మాత్రం కత్తిరింపులో పోయింది. పుంగనూరు పక్కన పెద్దపంజాణి ఊళ్లో, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకాయన రంగుల చారలను చూసి గుర్తుపట్టాడట. శత్రువు క్షిపణికి దండలు వేసి మూడు ఊళ్లలో నిలబెట్టిన దేశద్రోహి అని రంగప్ప మైకులు అదిరేలా అన్నాడు.

అదే సాయంత్రానికి పెద్దన్న మనుషులు బదులు వెతికి పట్టుకున్నారు. రంగప్ప ఫ్లెక్సీ మీద మూడు క్షిపణులు ఒకేసారి లేస్తున్న బొమ్మ ఉంది కదా, అది ఏ దేశానిదీ కాదు, ఫోన్లో ఆడుకునే యుద్ధం ఆటలోది. వీరజవాన్లను ఆటబొమ్మలు చేసిన దుర్మార్గుడని పెద్దన్న అన్నాడు.

శ్రీరాములు టీవీలో రెండూ చూశాడు. అప్పుడు ఫోను తీసి ఆ రెండు బొమ్మలనూ మొదటిసారి పెద్దవి చేసి చూశాడు. మొదటిది గుర్తుపట్టడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయన థీసిస్‌లో మన ఉపఖండం గురించి రాసిన చివరి అధ్యాయంలో దాని పేరు నాలుగు చోట్ల ఉంది.

మర్నాడు నవనీత ఫోన్ చేసింది. గొంతు నిలకడగానే ఉంది. "స్టేషన్‌కు పిలిసినారు సార్. బొమ్మ యాడిదని అడిగినారు. నెట్‌లో తీసుకున్న్యానని చెప్పినా. ఎవురికైనా సూపించినావా అని అడిగినారు. లేదన్న్యా. మీ పేరు యాడా చెప్పలేదు సార్, మీరు భయపడాకండి."

"నేనెందుకు భయపడతానమ్మా" అన్నాడు శ్రీరాములు. ఆ మాట అంటున్నప్పుడే గుండెల మీంచి బరువు దిగిన సంగతి ఆయనకు తెలిసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా, పోయి చెప్పేస్తానని మాత్రం ఆయన అనలేదు.

ఆ వారం పుంగనూరు బస్టాండు దగ్గర జరిగింది చూసి ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రంగప్ప మనుషులు పెద్దన్న ఫ్లెక్సీని చించారు. పెద్దన్న మరునాడే కొత్తది కట్టించి, కాపలాకు కర్రలిచ్చి నలుగురిని పెట్టాడు. నలుగురున్నారు కాబట్టి చించడానికి ఎనిమిది మంది వచ్చారు. దాంతో కాపలా పన్నెండైంది. రంగప్ప తన ఫ్లెక్సీకి ముందు ఇనుప తడకలు పాతించాడు. రాళ్లు తడకల మీదుగా వచ్చాయి. కాపలావాళ్లలో ఇద్దరి తలలు పగిలాయి, బడ్డీకొట్టు ఒకటి నేలమట్టమైంది. మూడు వందల పేజీల్లో తను రాసిందంతా వారం రోజుల్లో, బస్టాండు ముందు, అన్నం తినే మనుషులు చేసి చూపించారు. ఇది ఇట్లాగే సాగితే రెండు యాత్రలకూ అనుమతి లేదని పైనుంచి మాట వచ్చింది. అప్పుడు దిగొచ్చారు ఇద్దరూ.

కుప్పంలో గ్రానైటు వ్యాపారి ఒకాయన అతిథి గృహంలో మాటలకు కూర్చున్నారు. ఆ వ్యాపారి రెండు పార్టీలకూ కావలసినవాడు. ఇద్దరూ ఒప్పుకునే సాక్షి ఒకరు కావాలంటే, ఇద్దరి వేదికలూ ఎక్కనన్న శ్రీరాములు పేరు వచ్చింది. కాలేజీ యాజమాన్యం కారిచ్చి మరీ పంపింది. పోతే ఆ పిల్లకు ఏమైనా మేలు చేయగలనేమోనని ఆయన బయల్దేరాడు. దారి పొడుగునా, అంతా చెప్పేస్తాను, నాదే తప్పని చెప్పేస్తాను అనుకుంటూ వెళ్లాడు.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో నవనీత కూర్చుని ఉంది. ఆమెను కూడా రమ్మన్నారట, ఎందుకో చెప్పలేదట. లేచి నమస్కారం పెట్టింది. "మీరుండారు కదా సార్, ఇంక పర్వాలేదు" అంది.

లోపల నాపరాయి బల్లకు అటు పెద్దన్న, ఇటు రంగప్ప. మొన్నటిదాకా దేశద్రోహి, దుర్మార్గుడు అని తిట్టుకున్నవాళ్లు ఒకరి జీర్ణశక్తి గురించి ఒకరు అడుగుతున్నారు. మొదటి షరతు తేలిగ్గా తేలింది. ఒకరి ఫ్లెక్సీ గురించి ఒకరు ఇక మీదట నోరెత్తకూడదు. రెండో షరతు దగ్గర చిక్కు వచ్చింది. ఫ్లెక్సీలు ఇద్దరూ తీసేయాలి, కానీ ఎవరు ముందు తీయాలి?

"నేను తీసినాక ఆయప్ప తీయకపోతే నేను యాడికి పోవల్ల?" అన్నాడు రంగప్ప.

"సార్ని అడుగుదాం. పెద్ద పెద్ద దేశాలు యెట్ల సేస్తాయి సార్ ఇట్లాంటివి?" అన్నాడు పెద్దన్న.

శ్రీరాములు చెప్పాడు. ఒకరినొకరు నమ్మనక్కర్లేదని చెప్పాడు. ఒకే రోజు, ఒకే గంటకు రెండువైపులా మొదలుపెట్టాలి. అవతలి పక్షం మనుషులు ఇద్దరు దగ్గర నిలబడి ఎన్ని దిగాయో రాసుకోవాలి, ఫోటోలు తీసుకోవాలి, దించినవాటిని మళ్లీ కట్టడానికి వీల్లేకుండా అక్కడే అడ్డంగా కోసేయాలి. వాళ్లిద్దరూ తలలూపుతూ విన్నారు. పావుగంట మాట్లాడాడాయన. బతుకులో మొట్టమొదటిసారి తన చదువు ఒకరికి పనికొచ్చింది, ఇద్దరి గొడవ ఆగింది. ఆ పావుగంటా ఆయన సంతోషంగా ఉన్నాడు. వసారాలో ఒక మనిషి కూర్చుని ఉందని మరిచిపోయేంత సంతోషం.

అప్పుడు పెద్దన్న టైపు చేసి ఉన్న కాగితం ముందుకు జరిపాడు. "ఇంగ మూడోది. ఇది మేమిద్దరం పొద్దున్నే మాట్లాడుకున్న్యాం. మీరు సంతకం పెడితే సాలు."

పుంగనూరులో ఫ్లెక్సీ దుకాణం నడుపుతున్న నవనీత ఉద్దేశపూర్వకంగా శత్రుదేశపు క్షిపణి బొమ్మను, ఆట బొమ్మను వాడి, ఇరుపక్షాల నాయకులనూ మోసగించి, ప్రజల మధ్య చిచ్చుపెట్టిందనీ, ఆమె మీద కేసు పెట్టి దుకాణానికి సీలు వేయాలని ఇరుపక్షాలూ కోరుతున్నాయనీ అందులో ఉంది. కింద ఇద్దరి సంతకాలు. వాటి కింద 'నిపుణుడు, సాక్షి' అని రాసి ఖాళీ.

"ఈ పిల్ల ఏం చేసింది?" అన్నాడు శ్రీరాములు.

"ఏం చేయలేదు సార్, మాకు తెల్దా?" పెద్దన్న గొంతులో కోపం లేదు. "జనాలకు ఏదో ఒకటి చెప్పల్ల గదా. నా తప్పంటే నేను పోతా. ఆయప్ప తప్పంటే ఆయప్ప పోతాడు. ఇద్దరికీ నష్టం లేంది ఇదొకటే ఉండాది."

"మా ఇద్దరి ఫ్లెక్సీలూ ఆ పాపే కొట్టింది గదా సార్, అది మాకు కలిసొచ్చింది" అన్నాడు రంగప్ప.

శ్రీరాములు కాగితాన్ని వెనక్కి జరిపాడు.  "ఆ పిల్ల అచ్చు వేసేముందు నన్నడిగింది. రెండు బొమ్మలూ నాకు పంపింది. బాగున్నాయని చెప్పింది నేను. తప్పు నాది."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. 

"ఇన్ని సదువులు సదివిన మీకు అది మనది కాదని తెలీలేదా సార్?" అన్నాడు రంగప్ప.

"చూడలేదు. చూడకుండానే బాగుందన్నాను."

"యాల?"

 మీరంటే రోత కాబట్టి అనాలి. అనలేదు.

పెద్దన్న చాలా మర్యాదగా నీళ్ల గ్లాసు ఆయన ముందుకు జరిపాడు. "సార్, మీరు ఈ ఒప్పందానికి సాక్షి. సాక్షే ముద్దాయైతే ఇంగ ఒప్పందం యాడుంటాది? రేపు మళ్లీ కర్రలు, రాళ్లు. మీరే గదా ఇప్పుడు అంత బాగా చెప్పినారు. లేదూ, నా పేరే రాసుకోండంటారా, అట్లనే రాసుకుంటాం. ఆ పాప పేరు కొట్టేసి మీ పేరు పెడతాం. మాకేం భేదం లేదు. మీ ఇష్టం సార్."

ఆయన నిజంగానే పెన్ను తీసి, నవనీత పేరు మీద ఆనించి, శ్రీరాములు మొహంలోకి చూశాడు. రెండేళ్లలో రిటైర్మెంటు. సెక్షన్లు ఏవి పడతాయో శ్రీరాములుకు తెలుసు, ఆ సెక్షన్ల మీద పాఠం చెప్పినవాడాయన. కాలేజీ గేటు, స్టేషన్ బెంచీ, టీవీలో తన ఫోటో, దాని చుట్టూ ఎర్రటి గీత, అన్నీ కళ్లముందు కదిలాయి. నా పేరే రాయండి అనడానికి మూడు మాటలు చాలు. ఆయన నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"ఉద్దేశపూర్వకంగా అన్న మాట తీసేయండి. అది ఉంటే పెద్ద కేసవుతుంది. నిర్లక్ష్యంతో అని రాయండి."

"అట్లనే సార్, దానికేముంది?" అన్నాడు పెద్దన్న వెంటనే. రంగప్ప కూడా తలూపాడు. ఒక్క నిమిషంలో కొట్టేసి, పైన నీలి సిరాతో రాసి, ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టారు. కొంచెం మేలు చేశానని శ్రీరాములు తనకు తాను చెప్పుకున్నాడు. పెన్ను అందుకుని ఖాళీలో పేరు రాశాడు, పేరు ముందు డాక్టర్ అని కూడా రాశాడు.

పక్క గదిలో భోజనాలు వడ్డిస్తున్నారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు. పెద్దన్న, రంగప్ప ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని లేచారు. కాగితం నకలు ఒకటి వసారాలోకి పంపారు.

శ్రీరాములు కారు దగ్గరికి పోవాలంటే ఆ వసారాలోంచే పోవాలి. ఇంకో దారి ఉందేమోనని వంటగది వైపు తొంగి చూశాడు కూడా. లేదు. బయటికొచ్చేసరికి నవనీత నిలబడి కాగితం చదువుతోంది. రెండోసారి చదువుతోందని కళ్లు కదిలే తీరును బట్టి తెలుస్తోంది. ఏడవడం లేదు.

"నిర్లక్ష్యంతో అని మీరే మార్పించినారంట సార్. కాగితం తెచ్చినాయప్ప అంతా చెప్పినాడు."

"అవునమ్మా. లేకపోతే చాలా పెద్ద సెక్షను పడేది. ఇప్పుడు బెయిలు తొందరగా వస్తుంది. నేను తెలిసిన లాయరుతో మాట్లాడతాను."

ఆమె ఆ మాటలు విన్నట్టు లేదు. కాగితం కింద ఆయన సంతకం ఉన్న చోటే చూస్తోంది.

"సంతకం పెట్టేముందు ఇదైనా సూసినారా సార్?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. పదేళ్ల కిందట క్లాసులో అడిగినట్టే, తెలుసుకోవాలని అడిగింది. చూడలేదని చెబితే ఆ పిల్ల నమ్ముతుందని ఆయనకు తెలుసు.

"చూశానమ్మా" అన్నాడు శ్రీరాములు. "మొత్తం చదివాను."

నవనీత తలూపింది. కాగితాన్ని రెండు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, నమస్కారం పెట్టకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. గేటు బయట పోలీసు జీపు ఆగి ఉంది. దాన్ని ఆయన వచ్చేటప్పుడు చూడలేదు.

"సంగటి సల్లారిపోతాండాది, రండి సార్" అని లోపలినుంచి పెద్దన్న పిలిచాడు.  శ్రీరాములు లోపలికి వెళ్లి, వాళ్లిద్దరి మధ్య తనకోసం వేసి ఉంచిన ఆకు ముందు కూర్చున్నాడు.